నాలుగో రాత్రి... బుజ్జాయి ఏడుపు!

తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికొస్తారు. ఎర్రనీళ్లు తీస్తారు, స్వీట్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు. ఆ సందడి సద్దుమణిగాక అర్ధరాత్రి బిడ్డ కేర్‌మంటుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. కారణం మాత్రం ఇంట్లో అందరూ చెబుతారు. కొత్తగా అమ్మానాన్నలైన వాళ్లకు అసలు పరీక్ష అదే!

బందరు రోడ్డు మీద ఓ కారు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. వెనక ఆటో అతను హారన్ మోగిస్తూనే ఉన్నాడు. అయినా స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడు చలించడు. మొన్నటి దాకా బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు ఎన్ని నిమిషాల్లో వెళ్లగలడో స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకున్న మనిషే! ఇవాళ మాత్రం స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే చాలు, అరకిలోమీటరు ముందు నుంచే బ్రేకు మీద కాలు పెడుతున్నాడు. వెనక సీట్లో అత్తగారి ఒళ్లో, పాత నూలు చీర ముక్కలో చుట్టిన మూడు కిలోల ప్రాణం నిద్రపోతోంది మరి.

పటమటలోని అపార్ట్‌మెంట్ ముందు కారు ఆగింది. గుమ్మంలో ఎర్రనీళ్లు తీశారు. బిడ్డ అరికాలికి, బుగ్గకి దిష్టి చుక్క పెట్టారు. ఎదురింటివాళ్లు వచ్చి ముక్కు ఎవరిదో, చెవులు ఎవరివో తేల్చి వెళ్లారు. గుడివాడ నుంచి నాయనమ్మ వీడియో కాల్‌లో చూసింది. 'మొదటి కాన్పు ఆడపిల్ల... లక్ష్మీదేవిలే' అంది. ఆ 'లే' దగ్గర గొంతు కాస్త తగ్గిందని బాలింతకు అనిపించింది. నిజంగా తగ్గిందో, తనకే అలా అనిపించిందో!

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. సత్యనారాయణపురమైనా, భవానీపురమైనా, కాలవ గట్టున ఉయ్యూరైనా, పామర్రైనా... పేర్లు మారతాయి తప్ప ఆ పదిరోజుల తంతు దాదాపు ఇదే.

పుట్టిల్లే తరలి వచ్చింది!

ఒకప్పుడు తొలికాన్పు అంటే పుట్టింట్లోనే. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకెళ్తే, మళ్లీ మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తింటికి రావడం. ఈ పద్ధతి మనదొక్కటే అనుకుంటాం కానీ జపాన్‌లోనూ ఉంది. కాన్పు కోసం కూతురు పుట్టింటికి వెళ్లడాన్ని వాళ్లు 'సతోగాయెరి' అంటారు.

ఇప్పుడు మన దగ్గర లెక్క కొంచెం మారింది. చూపించుకునే డాక్టరు బెజవాడలో, ఉద్యోగాలు బెజవాడలో. కాబట్టి కూతురు ఊరికి వెళ్లే బదులు అమ్మే ఊరి నుంచి ఆరు సంచులతో అపార్ట్‌మెంట్‌కి దిగుతోంది. ఒక సంచిలో పాత బియ్యం. ఒకదాంట్లో శొంఠి, పిప్పళ్లు, బెల్లం కలిపి దంచిన కాయం. ఇంకోదాంట్లో తెలగపిండి, ఎండబెట్టిన మునగాకు, నల్లకారం, వెల్లుల్లి. అన్నిటికంటే పెద్ద సంచి నిండా ఉతికి ఆరేసిన పాత చీరలు, పంచెలు. బిసెంట్ రోడ్డులో ఎంత ముద్దొచ్చే గౌన్లు దొరికినా సరే, మొదటి పది రోజులూ బిడ్డ ఒంటికి పాత నూలుబట్టే తగలాలి. ఈ విషయంలో అమ్మమ్మతో పిల్లల డాక్టర్లకూ పేచీ లేదు.

ఈ మార్పు వల్ల జరిగిన ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బిడ్డ పుట్టిన తొలిరోజుల్లో తండ్రి కూడా ఇంట్లోనే ఉంటున్నాడు! పుట్టింటి పురుడైతే ఆయన ఆదివారం ఆదివారం పళ్ల సంచితో వచ్చి, గుమ్మంలోంచి తొంగి చూసి, అత్తగారు పెట్టిన టిఫిను తిని వెళ్లే చుట్టం. ఇప్పుడు ఏడుపు వినిపించే పక్కగదిలోనే పడుకుంటున్నాడు. ఏం చేయాలో మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

రాత్రి రెండూ పది

డిశ్చార్జి అయిన మర్నాడు. సిజేరియన్ జరిగి నాలుగో రాత్రి. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. వాటిలో సిజేరియన్లు చాలానే. మొత్తం కాన్పుల్లో నూటికి 42 కోత కాన్పులే. అంటే ఇంటికొచ్చే తల్లుల్లో దాదాపు సగం మంది పొట్ట మీద కుట్లతోనే రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నారన్నమాట.

బిడ్డ ఏడుస్తోంది. పదింటికి పాలిచ్చింది. పదకొండింటికి ఇచ్చింది. పన్నెండున్నరకి ఇచ్చింది. రెండింటికి మళ్లీ మొదలు. పక్కన పడుకోబెడితే చాలు, కేర్‌మంటోంది.

'పాలు చాలట్లేదే తల్లీ...' అంది అమ్మ, ఎంతో జాలిగా.

ఆ ఒక్క మాట చాలు! కుట్లు నొప్పెడుతున్నా ఓర్చుకున్న పిల్ల ఆ మాటకు మాత్రం కన్నీళ్లు పెట్టుకుంది. ఫోన్లో గుడివాడ అత్తగారు: 'మావాడికి నేను డబ్బాపాలే పట్టాను. గుండ్రాయిలా లేడూ?' ఇంతలో భర్త ఫోన్లో వెతికి పదకొండు కారణాలు కనిపెట్టాడు. అందులో నాలుగు ప్రాణాంతకమైనవి. ఇక లాభం లేదని బండి తీసుకుని, రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు వెతుక్కుంటూ వెళ్లి పాలపొడి డబ్బాతో తిరిగొచ్చాడు. మూత తీయబోతూ, ఎందుకైనా మంచిదని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్న నర్సమ్మ పాల గురించి అడగనే లేదు.

'పొద్దుటి నుంచి ఎన్ని గుడ్డలు తడిపింది?' అని అడిగింది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. బాల్కనీలో తీగ మీద ఆరేసినవి లెక్కపెట్టారు. ఏడు. పక్కమీద ఇంకొకటి. మొత్తం ఎనిమిది.

'ఎనిమిదా! అయితే పాలు దివ్యంగా అందుతున్నాయి. డబ్బా పక్కన పెట్టి మళ్లీ రొమ్ముకు పట్టించండి' అని ఫోన్ పెట్టేసింది.

తడిగుడ్డల లెక్క

తల్లిపాలు ఎన్ని వస్తున్నాయో కంటికి కనిపించదు. సీసా మీదైతే గీతలుంటాయి. అనుమానమంతా అక్కడి నుంచే పుడుతుంది. కానీ లోపలికి వెళ్లింది ఎంతో బయటికొచ్చింది చెబుతుంది. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు... అలా పెరుగుతూ అయిదో రోజు నుంచి రోజుకు ఆరు, అంతకుమించి గుడ్డలు తడుపుతుంటే బిడ్డకు పాలు సరిపోతున్నట్టే. మొదట్లో తారులా నల్లగా ఉండే విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగులోకి తిరగాలి. డైపర్ వేస్తే ఈ లెక్క అంత సులువుగా తెలియదు. పాత చీరముక్కల మహిమ అదీ!

ఇంకో సంగతి. పుట్టిన రోజున బిడ్డ ఒక్కో విడతకు తాగేది ఓ చెంచాడు పాలు. అయిదారు మిల్లీలీటర్లు. దానికి తగ్గట్టే తల్లికి మొదట వచ్చేవి చిక్కటి పసుపురంగు ముర్రుపాలు, కొంచెం కొంచెంగా. చూడటానికి చాలవేమో అనిపిస్తాయి. ఒకప్పుడైతే 'చెడ్డపాలు' అని మూడు రోజులు పిండి పారబోసేవారు. బిడ్డకు తేనె నాకించేవారు, పంచదార నీళ్లు పట్టేవారు. రోగాలను అడ్డుకునే శక్తంతా పారబోసిన ఆ పాలలోనే ఉందని ఇప్పుడు ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుక మీద రాయనే కూడదు. దాంట్లో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో పెరిగి కండరాలు చచ్చుబడేలా చేయగలదు.

మూడో రోజో నాలుగో రోజో పాలు బాగా దిగుతాయి. సిజేరియన్ అయినవాళ్లకు ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. సరిగ్గా ఆ సమయంలోనే బిడ్డ గంట గంటకూ, ఒక్కోసారి అరగంటకే పాలకు ఏడుస్తుంది. రోజు మొత్తంలో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. అది చాలకపోవడం కాదు... రేపటికి ఎక్కువ కావాలని ఇవాళే చెప్పుకోవడం. బిడ్డ ఎంత తాగితే రొమ్ము అంత తయారు చేస్తుంది. రాత్రిపూట తాగితే పాలు తయారు చేసే హార్మోను ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. ఆ రాత్రి డబ్బాపాలు పడితే బిడ్డ కడుపు నిండి నాలుగు గంటలు నిద్రపోతుంది. ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ నాలుగు గంటలూ రొమ్ముకు అందిన కబురు 'ఇంక అక్కర్లేదు' అని! రెండ్రోజులు ఇలాగే సాగితే అమ్మ అన్న మాటే నిజమైపోతుంది. పాలు నిజంగానే తగ్గిపోతాయి.

బరువు విషయంలోనూ ఇదే కంగారు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ నాలుగో రోజు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగితే అమ్మమ్మకు గుండె గుభేల్‌మంటుంది. ఒంట్లోని అదనపు నీరు పోయి పుట్టిన బరువులో ఏడు శాతం దాకా తగ్గడం మామూలే. పది శాతం దగ్గర పడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వచ్చేయాలి.

అలాగని డబ్బాపాలు విషమేమీ కాదు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బరువు మరీ పడిపోయినా, తల్లి ఒంట్లో బాగోకపోయినా డాక్టరే రాసిస్తారు. కానీ ఆ నిర్ణయం తెల్లవారుజామున మూడింటికి నిద్రలేని ముగ్గురు కలిసి తీసుకునేది కాదు. పాలపొడి కంపెనీలు తల్లులను ఊరించేలా ప్రచారం చేసుకోకూడదని 1992లోనే చట్టం వచ్చింది. ఇంట్లోవాళ్ల నోళ్లకు మాత్రం ఏ చట్టమూ లేదు!

తెలగపిండికి మార్కులు... మంచినీళ్లకు సున్నా

బాలింత పథ్యం దగ్గరికొద్దాం. డెల్టాలో తరతరాలుగా నడుస్తున్న వంటకాల జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. తెలగపిండి, మునగాకు కలిపి వండిన కూర. వెల్లుల్లి కారం. మెంతులు. లేత బీరకాయ, పొట్లకాయ. మాంసాహారులైతే బందరు వైపు నుంచి సొరచేప తెప్పించి పుట్టు చేసి పెడతారు, పాలు బాగా పడతాయని. ఇవన్నీ నిజంగా పాలు పెంచుతాయా అంటే వైద్యులు అంత గట్టిగా చెప్పరు. కానీ నువ్వులు గానుగాడగా మిగిలిన తెలగపిండిలో మాంసకృత్తులున్నాయి, క్యాల్షియం ఉంది. మునగాకులో ఇనుముంది. కాన్పులో రక్తం పోగొట్టుకున్న ఒంటికి ఇంతకంటే ఏం కావాలి? పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు అదనంగా 600 క్యాలరీల దాకా కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అమ్మ పెట్టే నెయ్యన్నం ఊరికే పోదు.

చిక్కల్లా పెట్టేవాటితో కాదు, పెట్టనివాటితో. పెరుగు వద్దు, జలుబు చేస్తుంది. పళ్లు వద్దు, చలవ. పప్పు వద్దు, వాతం. అన్నిటికీ మించి మంచినీళ్లు వద్దు, పొట్ట జారుతుంది! ఇప్పటికీ కొన్ని ఇళ్లలో బాలింతకు కొలత గ్లాసుతో నీళ్లు ఇస్తున్నారు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లకు పైగా ఉండేది నీళ్లే కదా! బెజవాడలో, అందులోనూ మే నెలలో, కిటికీలు మూసి, తలకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, నీళ్లు కూడా ఇవ్వకపోతే మనిషి ఏమైపోవాలి? మూత్రంలో మంట, మలబద్ధకం, తలనొప్పి... దాంతో కుట్లు మరింత లాగుతాయి.

గది సంగతీ అంతే. పసిబిడ్డకు వెచ్చగా ఉండాలన్నది నిజం. అందుకే పుట్టిన మొదటి రోజు స్నానం చేయించవద్దంటారు. కానీ బయట ఎండ 45 డిగ్రీలకు చేరువైనప్పుడు మూడు వరసల బట్టలు చుట్టి, గదిలో సాంబ్రాణి పొగ వేస్తే ఆ వెచ్చదనం బిడ్డకు మేలు చేయదు, కీడు చేస్తుంది. ఏసీ ఉంటే 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూసుకుంటే చాలు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని అమ్మమ్మ లాల పోయడం మటుకు చూసి తీరాల్సిన విద్య! జారిపోయేంత చిన్న ఒంటిని ఆవిడ ఎడమ చేతి వేళ్ల మధ్య ఎలా నిలబెడుతుందో కొత్త అమ్మానాన్నలు నోరెళ్లబెట్టి చూడాల్సిందే. అయితే ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, కళ్లకు కాటుక పెట్టడం, బొడ్డు మీద పసుపో ఆముదమో రాయడం, ఉగ్గు పట్టడం... ఇవి మానేయాలి. బొడ్డును దాని మానాన పొడిగా వదిలేస్తే వారం, రెండు వారాల్లో అదే ఊడిపోతుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఓ చిన్న ముచ్చట. పుట్టిన రెండు మూడు రోజులకు బిడ్డ ఒళ్లు కాస్త పచ్చబడితే అమ్మమ్మలు పొద్దుటి ఎండలో పెట్టమంటారు. అది వైద్యం కాదనీ, ఎండనే నమ్ముకుని కూర్చోవద్దనీ డాక్టర్లు కోప్పడతారు. నిజమే. కానీ ఇవాళ ఆసుపత్రుల్లో కామెర్లకు పెట్టే నీలికాంతి చికిత్స కూడా ఎండలోంచే పుట్టింది! 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పిల్లలను పెరట్లో ఎండకు తిప్పేది. ఎండ తగిలినచోట పచ్చదనం తగ్గి, బట్ట కప్పినచోట అలాగే ఉండటం ఆమె గమనించింది. అక్కడి నుంచే డాక్టర్లు ఆ దీపాలను తయారు చేశారు. అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చబడితే మాత్రం ఎండా వద్దు, ఆకుపసరూ వద్దు... నేరుగా ఆసుపత్రికే.

బెజవాడ డాక్టరమ్మ రాసిన పుస్తకం

మంత్రసానులే దిక్కయిన కాలంలో ఈ సంగతులన్నీ తెలుగులో చెప్పాలని తపించిన డాక్టరమ్మ ఒకరు ఈ ఊళ్లోనే ఉండేవారు. కొమర్రాజు అచ్చమాంబ. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్న కొమర్రాజు లక్ష్మణరావుగారి కూతురు. 1906లో పుట్టారు. అంతకు ముందు ఏడాదే కన్నుమూసిన మేనత్త, రచయిత్రి భండారు అచ్చమాంబ పేరే ఆమెకు పెట్టారు. వైద్యం చదివి విజయవాడలో ప్రాక్టీసు పెట్టిన ఈ డాక్టరమ్మ 1957లో ఇక్కడి నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. 'ప్రసూతి - శిశుపోషణ' అనే పుస్తకం రాశారు. ఎంపీగా ఎన్నికైన డాక్టరు పురుడు గురించీ పసిపిల్లల పోషణ గురించీ తెలుగులో పుస్తకం రాయడం... ఇవాళ్టికీ అరుదైన సంగతే.

నాన్న చేతుల్లో...

మళ్లీ పటమట అపార్ట్‌మెంట్‌కి వద్దాం. అయిదో రోజు నుంచి ఆ ఇంట్లో పనులు కొత్తగా పంచుకున్నారు. పాలివ్వడం ఒక్కటే తల్లి పని. తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, నిద్రపుచ్చడం నాన్న పని. అల్లుడు గుడ్డలు ఉతుకుతుంటే మొదట అత్తగారు సిగ్గుతో చచ్చిపోయింది. 'అయ్యయ్యో, మీరెందుకు బాబూ!' అని బకెట్ లాక్కోబోయింది. రెండ్రోజులకు అలవాటైంది. మూడో రోజు 'అల్లుడుగారూ, అవి కాస్త దులిపి ఆరేయండి, ముడతలు పడితే పాప ఒంటికి గుచ్చుకుంటాయి' అని సలహా కూడా ఇచ్చింది!

తండ్రి చేయగలిగింది ఇంకోటుంది. చొక్కా తీసేసి, బిడ్డను తన గుండె మీద ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకోవడం. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన 'కంగారూ' పద్ధతి ఇది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల కోసం వచ్చినదైనా, మామూలు పిల్లలూ ఆ వెచ్చదనానికి, గుండె చప్పుడుకు ఇట్టే ఊరుకుంటారు. తల్లికి ఆ గంటసేపు నిద్ర దొరుకుతుంది.

అన్నిటికంటే కష్టమైన పని గుమ్మం దగ్గర కాపలా. చూడటానికి వచ్చే బంధువులను కాదనలేం. చేతులు కడుక్కోమని పెద్దవాళ్లకు చెప్పడం, జలుబుతో వచ్చిన బాబాయిని బిడ్డను ముద్దుపెట్టుకోనివ్వకుండా ఆపడం, తల్లి నిద్రపోతోందని పెద్దత్తయ్యను హాల్లోనే కూర్చోబెట్టడం... కోడలు చేస్తే పొగరంటారు. కొడుకు చేస్తే 'వీడికి మరీ చాదస్తం' అని నవ్వి ఊరుకుంటారు. కాబట్టి అది ఆయనే చేయాలి.

సెలవెక్కడిదంటారా? ఉద్యోగినులకు 26 వారాల ప్రసూతి సెలవును 2017లో చట్టం చేశారు. ప్రభుత్వోద్యోగులైన తండ్రులకు పదిహేను రోజులు ఇస్తారు. ప్రైవేటులో మాత్రం కంపెనీ దయ. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే కుర్రాడికి ఆ దయ కూడా ఉండదు. రోజు పనికి వెళ్తేనే కూలి.

ఊరికే వచ్చే ఏడుపు

ఆరో రోజు మధ్యాహ్నం. బిడ్డ నిద్రపోతోంది. పాలు బాగానే ఉన్నాయి. కుట్ల నొప్పి తగ్గింది. అయినా తల్లి కూర్చుని ఏడుస్తోంది. ఎందుకంటే తనకే తెలియదు. 'పాలిచ్చే తల్లి ఏడవకూడదు, బిడ్డకు అరిష్టం' అని అమ్మ మందలించింది. దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

కాన్పయ్యాక ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి తోడు. సగానికి పైగా తల్లుల్లో మూడో రోజు నుంచే ఈ దిగులు మొదలవుతుంది. సాధారణంగా రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. ఆ రోజుల్లో ఆమెకు కావాల్సింది నాలుగు గంటలు ఏకధాటిగా నిద్ర, చెప్పింది వినే ఒక మనిషి. 'ఆడపిల్ల పుట్టిందని దిగులా?' లాంటి ప్రశ్నలు వేసేవాళ్లను దూరంగా పెట్టడం ఇంకా ముఖ్యం.

రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే... బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోయినా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చినా అది వట్టి దిగులు కాదు, జబ్బు. మందులున్నాయి, నయమవుతుంది. దాన్ని పట్టుకోవడానికి 1987లో బ్రిటన్‌లో వైద్యులు పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. లేనివి కనబడుతున్నాయని, వినబడుతున్నాయని అంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. మన ఊళ్లలో ఇలాంటప్పుడు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. కాలవ గట్టు ఊళ్లలో 'ఫలానా వాళ్లమ్మాయి బాలింతగా ఉండగానే...' అని సగంలో ఆపేసే పాత సంగతులు కొన్ని ఉంటాయి. వాటిని ఎవరూ పూర్తిగా చెప్పరు.

న్యూజెర్సీలో నల్లకారం

కృష్ణా డెల్టాలో పురుడు గురించి చెబుతూ అమెరికా మాట ఎత్తకపోతే ఎలా? గుడివాడ, ఉయ్యూరు, కంకిపాడు వైపు అమ్మమ్మలు చాలామందికి తొలి విమానప్రయాణం కూతురి పురుడు కోసమే. కాయం, శొంఠిపొడి సూట్‌కేసులో సర్దుకుని, సందర్శకుల వీసా మీద వెళ్తారు. ఆరు నెలలు వీళ్లు, తర్వాత ఆరు నెలలు వియ్యపురాలు. డ్యూటీ మారినట్టు మారతారు. అక్కడ చలి, ఎటూ కదల్లేని ఇల్లు, మాట్లాడేవాళ్లుండరు. అయినా ఆ రెండు చేతుల కోసం అక్కడ కూతురు నెలల ముందు నుంచే రోజులు లెక్కపెడుతుంది. నెదర్లాండ్స్‌లోనైతే కాన్పయ్యాక వారంపాటు శిక్షణ పొందిన ఆయా ఇంటికొచ్చి తల్లికీ బిడ్డకీ అన్నీ చూస్తుంది. ఖర్చు ఆరోగ్య బీమాలోనే. అమ్మమ్మ చేసే పనికి అక్కడ జీతం, యూనిఫాం ఉన్నాయన్నమాట.

మన దగ్గర ఆ పనిలో కొంత భాగం ఆశా కార్యకర్తది. 2011లో మొదలైన పద్ధతి ప్రకారం ఆసుపత్రిలో కాన్పయితే మూడు, ఏడు, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికొచ్చి బిడ్డ బరువు, జ్వరం, బొడ్డు చూడాలి. ఆమె వచ్చినప్పుడు 'మాకు పెద్ద డాక్టరున్నారులే' అని గుమ్మంలోంచే పంపేసేవాళ్లున్నారు. అలా చేయకండి! పాలు తాగడం మానేసినా, మగతగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా చల్లబడినా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా నిమిషం ఆలస్యం చేయకూడదు. వీటిని ముందుగా గుర్తుపట్టేది చాలాసార్లు ఆమే.

బియ్యంలో పేరు

పదకొండో రోజు పురిటిస్నానం అయింది. ఇల్లంతా కడిగారు. పద్నాలుగో రోజు ఆసుపత్రిలో తూకం వేస్తే మూడు కిలోల యాభై గ్రాములు! నాన్న ఆ ముల్లును ఫొటో తీసి గుడివాడకు పంపాడు.

ఇరవై ఒకటో రోజు బారసాల. తమాషా ఏంటంటే, జననం నమోదు చేయించడానికి ప్రభుత్వం ఇచ్చిన గడువూ 21 రోజులే. ఆసుపత్రి కాన్పయితే వాళ్లే వివరాలు పంపుతారు. పేరు ఇంకా తేలకపోతే తర్వాత రాయించుకోవచ్చు. ఏడాదిలోపైతే రుసుము కూడా ఉండదు. కానీ కాగితం మాత్రం అశ్రద్ధ చేయొద్దు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం.

పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో నాన్న పేరు రాశాడు. నాయనమ్మ బిడ్డ చెవిలో మూడుసార్లు పిలిచింది. వీడియో కాల్‌లో తగ్గిన ఆ గొంతు ఇప్పుడు మనవరాలిని ఒళ్లోంచి దించడం లేదు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిన నాయనమ్మకు ఫ్రిజ్ పైన సీలు తీయని పాలపొడి డబ్బా కనిపించింది.

'ఇదేంటి, వాడనే లేదా?'

'లేదండీ వదినగారూ' అంది అమ్మమ్మ. 'మావాళ్లు గుడ్డలు లెక్కపెట్టుకుంటారు.'

ఇంతలో ఉయ్యాల్లోంచి కేర్‌మని ఏడుపు. పేరంటాళ్లంతా ఒకేసారి తిరిగారు. ఆకలేమోనని ఒకరు, కడుపునొప్పేమోనని ఒకరు, ఇంతమంది చూశారు దిష్టి తగిలిందని ఇంకొకరు. తల్లి కుర్చీలోంచి లేవకుండానే ఓ క్షణం చెవొగ్గి విన్నది.

'ఏం లేదు. నిద్రొస్తోంది దానికి' అంది.